కూత పెట్టే ఫోను: విశాఖలో సెల్ హెచ్చరికలు ఏ మేరకు పనికొస్తాయి

బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే విశాఖలో ముందు మోగేది ఫోనే. సచివాలయం వాళ్ల ఆటో మైకు, టీవీలో స్క్రోలింగు ఆ తర్వాతే. ఈ హెచ్చరికలకు బిల్లు లేదు, రీచార్జి లేదు. డబ్బు కట్టని సేవ కాబట్టి బాగుందా లేదా అని నిలదీసేవాళ్లూ తక్కువే. తుఫానుకి, పిడుగుకి, సునామీకి, ఫ్యాక్టరీ గ్యాసు లీకుకి అన్నిటికీ ఇదే సేవను నమ్ముకుంటున్నాం. దేనికి ఎంత నమ్మొచ్చో విడివిడిగా చూడాల్సిందే, ఎందుకంటే ఒకదానికి బాగా పనికొచ్చేది ఇంకోదానికి దాదాపు దండగ.

ముందు హెచ్చరిక మన దాకా వచ్చే దారి. వాతావరణ శాఖ, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం, కేంద్ర జలసంఘం లాంటివి ప్రమాదాన్ని పసిగడతాయి. మన తీరానికి సంబంధించి వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం విశాఖలోనే ఉంది, కైలాసగిరి మీద డాప్లర్ రాడార్ ఉంది. వాళ్లిచ్చిన సమాచారాన్ని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ చూసి, మ్యాపు మీద ఒక గీత గీసి, ఆ గీత లోపలి టవర్ల కింద ఉన్న ఫోన్లకు పంపమని మొబైల్ కంపెనీలకు చెబుతుంది. ఇవన్నీ కలిసే వేదిక పేరు ‘సచేత్’. తయారుచేసింది కేంద్రం టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్, నడిపేది జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ. టవర్ నుంచి ఫోన్‌కి మాత్రం రెండు దారులున్నాయి: ఎస్సెమ్మెస్, సెల్ బ్రాడ్‌కాస్ట్. రెండిటికీ పేరులోనే కాదు, గుణంలోనూ చాలా తేడా.

ఎస్సెమ్మెస్ అంటే పోస్ట్‌మ్యాన్ లాంటిది. ఒక్కో నంబరు వెతికి, ఒక్కొక్కరి చేతిలో పెట్టాలి. ఆ గీత లోపల పది లక్షల ఫోన్లుంటే పది లక్షల మెసేజ్‌లు వరసలో నిలబడాలి. అందుకే ‘వచ్చే మూడు గంటల్లో పిడుగులతో వర్షం’ అన్న కబురు ఒక్కోసారి వాన వెలిశాక చేతికందుతుంది. పైగా మామూలు టింగుమనే చప్పుడు. ఫోన్ సైలెంట్‌లో ఉంటే అదీ లేదు. కొన్ని ఫోన్లలో మెసేజ్ యాప్ దాన్ని ఆఫర్ల గుంపులోకి తోసేస్తుంది, బట్టల దుకాణం డిస్కౌంట్ పక్కన రెడ్ అలర్ట్ కూర్చుంటుంది. ఎస్సెమ్మెస్‌కి ఉన్న ఒకే మంచి గుణం, అది ఇన్‌బాక్స్‌లో నిలిచి ఉంటుంది, ఏ పాత ఫోన్‌లోనైనా పడుతుంది.

సెల్ బ్రాడ్‌కాస్ట్ ఆకాశవాణి లాంటిది. టవర్ ఒక్కసారి పలుకుతుంది, దాని కింద ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి వింటాయి. నంబరుతో పనిలేదు, పది ఫోన్లున్నా పది లక్షలున్నా పట్టే సమయం ఒకటే. అందరూ ఒకేసారి కాల్ చేసి నెట్‌వర్క్ ఉక్కిరిబిక్కిరి అవుతున్నా ఇది ఆగదు, ఎందుకంటే కాల్స్ నడిచే దారిలో ఇది నడవదు. సైలెంట్‌లో ఉన్నా ఫోన్ పెద్దగా కూత పెట్టి, వణికి, తెర మీద మెసేజ్ నిలబెడుతుంది. నొక్కితే గానీ పోదు. 2023లో టెలికాం శాఖ దేశమంతా విడతలవారీగా పరీక్ష మెసేజ్‌లు పంపినప్పుడు జనం ఉలిక్కిపడింది ఈ కూతకే. అదే ఏడాది కేంద్రం దీనికోసం ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చి, దేశంలో అమ్మే స్మార్ట్‌ఫోన్లు, కీప్యాడ్ ఫోన్లు ఈ హెచ్చరికలను అందుకునేలా ఉండాలంది.

ఇంకో సుగుణం చాలామందికి తెలియదు. బ్రాడ్‌కాస్ట్ ఒక్కసారి పలికి ఊరుకోదు. గడువు తీరేదాకా అదే మెసేజ్‌ని టవర్ మళ్లీమళ్లీ పంపుతూనే ఉంటుంది. ఇప్పటికే అందుకున్న ఫోన్ వరస నంబరు చూసి ‘ఇది పాతదే’ అని ఊరుకుంటుంది. అప్పుడే స్విచాన్ చేసిన ఫోన్, అనకాపల్లి నుంచి బస్సులో అప్పుడే గాజువాక దిగిన ఫోన్ మాత్రం మోగుతాయి.

రెండిటిలో మంచిది ఏదో చెప్పక్కర్లేదు. కానీ ఇప్పటిదాకా మన ఫోన్లకు ఎక్కువగా వచ్చింది ఎస్సెమ్మెస్సే. మనకు తెలిసిన లోపాల్లో సగం అక్కడివే.

ఇక తెలుగు సంగతి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మెసేజ్‌లు ముక్కలుముక్కలుగా, పొడిపొడిగా ఎందుకు వస్తాయన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపి రాగానే ఆ లెక్క 70కి పడిపోతుంది. అదీ మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, వత్తు కింద హల్లు ఇంకొకటి. ‘బయటికి రావద్దు’ చూడండి. కంటికి ఏడు అక్షరాలు. ఫోన్ లెక్కలో పదమూడు, మధ్య ఖాళీతో పద్నాలుగు. ‘విశాఖపట్నం’ అయిదక్షరాలు, ఫోన్‌కి పది. అంటే ఊరి పేరు, ‘బయటికి రావద్దు’ అన్న రెండు మాటలు రాసేసరికి మెసేజ్‌లో మూడోవంతు అయిపోయింది. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకు 67. నెట్‌వర్క్ బాగాలేనప్పుడు మూడు ముక్కల్లో రెండోది ఆలస్యమైతే మొత్తం మెసేజ్ తెరుచుకోదు, లేదా సగం సగం కనిపిస్తుంది.

బ్రాడ్‌కాస్ట్‌లో చోటు ఎక్కువే. ఒక పేజీకి 82 బైట్లు, గరిష్ఠంగా 15 పేజీలు. తెలుగుకి ఒక్కో గుర్తుకు రెండు బైట్లు చొప్పున మొత్తం 615. అంటే డెబ్బై ఎనభై మాటలు రాసుకోవచ్చు. బుద్ధిగా వాడుకుంటే అది చాలా చోటు. చిక్కేమిటంటే అదే మెసేజ్‌ని కార్యాలయాల తెలుగులో రాస్తే ‘ప్రజలు అప్రమత్తంగా ఉండవలసిందిగా సూచించడమైనది’ అన్న ఒక్క వాక్యానికే నలభైకి పైగా పోతుంది, చదివినవాడికి తెలిసేది మాత్రం సున్నా. అప్రమత్తంగా అంటే లేచి నిలబడాలా, ఇల్లు వదలాలా? జాలరిపేటలో రేకుల ఇంట్లో ఉన్నవాళ్లకీ, ఎంవీపీ కాలనీలో నాలుగో అంతస్తులో ఉన్నవాళ్లకీ చేయాల్సిన పని ఒకటి కాదు.

పనికొచ్చే మెసేజ్ ఎలా ఉండాలో ఒక నమూనా రాసి చూశాం: ‘ఈ రాత్రి 9 నుంచి రేపు ఉదయం 6 వరకు పెనుగాలి. రేకుల ఇళ్లవాళ్లు సాయంత్రం 5 లోపు పునరావాస కేంద్రానికి వెళ్లండి. మిగతావాళ్లు ఇంట్లోనే ఉండండి, కిటికీలకు దూరంగా. గాలి ఆగినా మేం చెప్పేదాకా బయటికి రావద్దు. సాయానికి 1070.’ బ్రాడ్‌కాస్ట్‌కున్న చోటులో ఇది సగం కూడా నింపదు. గంట, ఎవరు, ఎక్కడికి, ఎప్పటిలోపు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ ఉన్నాయి. వస్తున్న మెసేజ్‌లలో సాధారణంగా ఉండేది జిల్లా పేరు, ప్రమాదం పేరు, ఒక జాగ్రత్త వాక్యం. ఈ సేవలో అతి తక్కువ ఖర్చుతో సరిదిద్దదగ్గ లోపం ఇదే. టవర్లు మార్చక్కర్లేదు, రాసే చేయి మారితే చాలు.

నమూనాలో ‘గాలి ఆగినా’ అన్న మాట ఊరికే పెట్టలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు తుఫాను కన్ను విశాఖ మీదుగానే వెళ్లింది. కన్ను నెత్తి మీదికి రాగానే గాలి హఠాత్తుగా పడిపోతుంది, ఆకాశం తెల్లబడుతుంది. అయిపోయిందనుకుని జనం వీధిలోకి వస్తారు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంతో కొడుతుంది. ఏ తుఫాన్లోనైనా హెచ్చరిక కచ్చితంగా అందాల్సిన ఘడియ ఏదైనా ఉంటే అది ఇదే. సరిగ్గా ఆ ఘడియకే నెట్‌వర్క్ ఉండదు. ఈ సేవ అసలు బలహీనత ఇక్కడుంది.

ఎందుకు ఉండదో చూద్దాం. టవర్ కూలడం ఒక్కటే కారణం కాదు. అన్నిటికన్నా ముందు కరెంటు పోతుంది. టవర్ కింద 48 వోల్టుల బ్యాటరీలుంటాయి, అవి కొన్ని గంటలు లాగుతాయి. తర్వాత జనరేటర్. దాని ట్యాంకులో డీజిల్ అయిపోయే వేళకి రోడ్ల మీద చెట్లు పడి ట్యాంకర్ రాలేదు. కరెంటు ఉన్న టవర్ కూడా మూగబోవచ్చు, ఎందుకంటే దాన్ని మిగతా నెట్‌వర్క్‌తో కలిపే ఫైబర్ వేళ్లతో లేచిన చెట్టుతో పాటే తెగి ఉంటుంది. ఫైబర్ లేనిచోట మైక్రోవేవ్ డిష్ ఉంటుంది. అది గాలికి కాస్త పక్కకి తిరిగినా చాలు, ఎదుటి టవర్‌తో చూపు తప్పుతుంది. హుద్‌హుద్‌లో గాలి గంటకు 180 కిలోమీటర్ల స్థాయిలో వీచింది. నగరంలో ఫోన్లు రోజుల తరబడి మూగబోయాయి. ఆ దెబ్బ తర్వాతే ప్రపంచ బ్యాంకు సాయంతో విశాఖలో కరెంటు తీగలను భూగర్భంలోకి దించే పని మొదలైంది. స్తంభాల మీది తీగలు తెగే బాధ తప్పిన చోట టవర్లకూ అంతమేరకు మేలే.

కాబట్టి తుఫాను విషయంలో ఈ సేవని తీరం దాటడానికి ముందు వరకే లెక్కలోకి తీసుకోవాలి. ఆ మేరకు ఇది మంచి సేవ, అయిదుకి నాలుగు ఇవ్వొచ్చు. వాతావరణ శాఖ తుఫాను కబురు మూడు రోజుల ముందు నుంచే దశలవారీగా ఇస్తుంది: 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు ఆ తర్వాతి పరిస్థితి అంచనా. మెసేజ్‌లో రంగు కూడా ఉంటుంది. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే పనిలోకి దిగమని. నారింజ దగ్గరే పవర్ బ్యాంకులు నింపుకోవాలి, ఎరుపు దాకా ఆగితే అప్పటికే కరెంటు ఉండకపోవచ్చు.

నెట్‌వర్క్ సగం చచ్చిన రోజుల్లో పనికొచ్చే చిట్కాలు రెండు. మొదటిది, ఇంట్లో సిమ్‌లన్నీ ఒకే కంపెనీవి పెట్టుకోవద్దు. పెద్ద తుఫాన్లప్పుడు టెలికాం శాఖ కంపెనీల మధ్య రోమింగ్ తెరిపిస్తుంది, మీ కంపెనీ టవర్ పోయినా పక్క కంపెనీ టవర్ మీద కాల్ వెళుతుంది. ఫోన్ తనంతట తాను పట్టుకోకపోతే మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లో ‘ఆటోమేటిక్’ తీసేసి, జాబితాలో కనిపించే ఇంకో కంపెనీని చేత్తో ఎంచుకోవాలి. రెండోది, సిగ్నల్ లేని చోట ఫోన్ దాన్ని వెతుక్కుంటూనే బ్యాటరీ తినేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి గంటకోసారి పది నిమిషాలు తెరవడం మేలు. ఏరోప్లేన్ మోడ్‌లో హెచ్చరిక రాదు కదా అంటే నిజమే, రాదు. కానీ బ్రాడ్‌కాస్ట్ మళ్లీమళ్లీ పలుకుతుంటుంది కాబట్టి తెరిచిన పది నిమిషాల్లో దొరికే అవకాశం ఎక్కువ. ఇంట్లో వైఫై ఉందిగా అని ధీమా పడొద్దు, సెల్ బ్రాడ్‌కాస్ట్ వైఫై మీద రాదు.

ఫోన్ సరిచేసుకోవడం అయిదు నిమిషాల పని. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి, సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ, అందులో వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్. కంపెనీని బట్టి ఇది మెసేజ్ యాప్ సెట్టింగ్‌లలో దాక్కుని ఉండొచ్చు, దొరక్కపోతే సెట్టింగ్స్ పైనున్న వెతుకుడు పెట్టెలో ‘ఎమర్జెన్సీ’ అని ఇంగ్లీషులో కొడితే బయటపడుతుంది. అక్కడ ‘ఎక్స్‌ట్రీమ్’, ‘సివియర్’ రెండూ ఆన్‌లో ఉండాలి. ‘టెస్ట్ అలర్ట్స్’ చాలా ఫోన్లలో ఆఫ్‌లో ఉంటుంది. దాన్నీ ఆన్ చేసుకుంటే పరీక్ష మెసేజ్ వచ్చిన రోజు మీ ఫోన్ పనిచేస్తోందో లేదో తేలిపోతుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్, నోటిఫికేషన్స్, అట్టడుగు దాకా వెళ్లాలి. కంగారులో మెసేజ్ నొక్కేసి పోగొట్టుకుంటే, ఆండ్రాయిడ్‌లో అయితే ఎమర్జెన్సీ అలర్ట్స్ పేజీలోనే ‘హిస్టరీ’ ఉంటుంది. పాత కీప్యాడ్ ఫోన్లలో దీని పేరు ‘సెల్ బ్రాడ్‌కాస్ట్’ లేదా ‘ఇన్ఫో మెసేజెస్’, మామూలుగా ఆఫ్‌లోనే వస్తుంది. ఊళ్లో పెద్దవాళ్ల చేతిలో ఉండేవి ఈ ఫోన్లే, వాటిని ముందు చూడండి. ఒక హద్దు ఉంది: 2జీ మీద కాల్ మాట్లాడుతున్నంతసేపు బ్రాడ్‌కాస్ట్ అందదు, కాల్ పెట్టేశాక అందుతుంది.

సచేత్ యాప్ కూడా వేసుకోవచ్చు. తెలుగు ఉంది, జిల్లా ఎంచుకోవచ్చు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ భీమిలిలో అమ్మానాన్నల సంగతి చూసుకునేవాళ్లకు ఇదే అసలు ఉపయోగం. కానీ యాప్‌కి డేటా కావాలి, బ్యాటరీ పొదుపు పేరుతో ఫోన్ దాన్ని నిద్రపుచ్చకుండా చూసుకోవాలి. బ్రాడ్‌కాస్ట్‌కి అది అండే తప్ప బదులు కాదు.

పిడుగుల విషయంలో ఎస్సెమ్మెస్‌కి అయిదుకి రెండు కన్నా ఎక్కువ ఇవ్వలేం. జిల్లా మొత్తానికి ఒకే మెసేజ్, మూడు గంటల వ్యవధి, ఎండాకాలం సాయంత్రాల్లో రోజూ. పెందుర్తిలో పడే పిడుగుకి భీమిలిలో ఫోన్లు మోగితే నాలుగోసారికి ఎవరూ చూడరు, నాన్నా పులి కథే. దీనికి పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల ‘దామిని’ యాప్ నయం. మీరున్న చోటు చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాల్లో పిడుగు ఎక్కడ పడిందో చూపిస్తుంది. లొకేషన్ అనుమతి ‘ఎల్లప్పుడూ’ అని ఇవ్వాలి, లేకపోతే ఊరికే బొమ్మ.

సునామీకి పరిస్థితి వేరు. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూమి కంపించాక విశాఖకు అల రావడానికి రెండున్నర గంటలు పట్టింది. అప్పుడు చెప్పేవాళ్లు లేరు. 2007 నుంచి ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం పగలూ రాత్రీ పనిచేస్తోంది. గాలి లేదు, వాన లేదు, టవర్లన్నీ బతికే ఉంటాయి, చేతిలో రెండు గంటల వ్యవధి. సెల్ బ్రాడ్‌కాస్ట్ కోసమే పుట్టినట్టుండే ప్రమాదం ఇది. ఆర్కే బీచ్‌లో ఆదివారం సాయంత్రం ఉన్న జనంలో సగం మంది నంబర్లు ఏ జాబితాలోనూ ఉండవు, టూరిస్టులే. టవర్ కింద ఉంటే చాలు, మోగుతుంది.

గ్యాస్ లీకుకి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. 2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఇళ్ల మీదికి వచ్చినప్పుడు జనం నిద్రలో ఉన్నారు. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. ఆ వేళలో నిద్రలేపగల ఫోన్ సాధనం బ్రాడ్‌కాస్ట్ కూత ఒక్కటే, అంతవరకు నిజం. కానీ ఫ్యాక్టరీ నుంచి జిల్లాకి, జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడ ఆమోదం, అక్కడి నుంచి కంపెనీకి, టవర్‌కి. ఆవిరి ఇన్ని మెట్లు ఎక్కేదాకా ఆగదు. ఇంకో చిక్కు దిశ. గ్యాసు గాలివాటున పోతుంది, దానికి అడ్డంగా పక్కకి నడవాలి. టవర్ పరిధి అర కిలోమీటరు నుంచి కిలోమీటర్ల దాకా ఉంటుంది, గాలికి ఎదురున్న వీధికీ వాలున్న వీధికీ వేర్వేరు మాట చెప్పలేదు. గాజువాక, పరవాడ వైపు ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఉండేవాళ్లకు గోడ మీది సైరను, గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం, నెలకోసారి డ్రిల్లు. అవి అడిగి సాధించుకోవాలి. ఫోన్ హెచ్చరికకి ఇక్కడ అయిదుకి ఒకటి.

ఇక వేటకి వెళ్లేవాళ్లు. టవర్ సిగ్నల్ తీరం నుంచి కొంతదూరమే. ఫిషింగ్ హార్బర్ నుంచి రోజుల తరబడి వేటకి పోయే మర బోట్లు ఆ గీత ఎప్పుడో దాటేస్తాయి. ఫోన్‌లో మోగే హెచ్చరిక వాళ్లకు చేరాలంటే నడుమ ఇంకో పరికరం కావాలి. 2019లో వచ్చిన ‘జెమిని’ పెట్టె గగన్ ఉపగ్రహం నుంచి ఇన్‌కాయిస్ కబురు పట్టి, బ్లూటూత్ మీద సరంగు (బోటు నడిపేవాడు) ఫోన్‌కి ఇస్తుంది. దాంతో వినడమే గానీ బదులు చెప్పడం కుదరదు. తర్వాత వచ్చిన, ఇస్రో పరిజ్ఞానంతో నడిచే ట్రాన్స్‌పాండర్లు అటూ ఇటూ మాట్లాడతాయి. ‘నభ్‌మిత్ర’ యాప్‌లో మెసేజ్ చదువుకోవచ్చు, ఆపదలో ఒడ్డుకి కబురూ పంపొచ్చు. పెట్టె పైన యాంటెన్నాకి ఆకాశం కనబడాలి. వలలు, టార్పాలిన్ దాని మీద వేస్తే మూగబోతుంది. కళాసీల్లో కనీసం ఇద్దరి ఫోన్లు దానికి జత చేసి ఉంచాలి, సరంగు ఒక్కడిదే ఉంటే ఆయన నిద్రపోయే వేళ ఎవరూ వినరు. వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు ఉంటే 16వ ఛానల్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. చిన్న తెప్పల వాళ్లకి ఇవేవీ లేవు, వాళ్లకింకా రేవులో మైకే దిక్కు.

ఏ హెచ్చరికైనా నిజమో కాదో తేల్చుకోవాలంటే పంపినవాడి పేరు చూడాలి. జాతీయ సంస్థ నుంచి వచ్చే ఎస్సెమ్మెస్ పేరులో ‘ఎన్‌డీఎమ్‌ఏఈడబ్ల్యూ’ అన్న ఇంగ్లీషు అక్షరాలుంటాయి. పదంకెల మామూలు నంబరు నుంచి వచ్చి, సాయం డబ్బు కోసం ఇక్కడ నొక్కండి అని లింకు పెడితే అది తుఫాను కాదు, మోసం. అనుమానం ఉంటే రాష్ట్ర కంట్రోల్ రూం 1070కి, లేదా టోల్ ఫ్రీ 1800 425 0101కి ఫోన్ చేయొచ్చు. జిల్లా కంట్రోల్ రూం 1077. ఈ మూడూ ఫోన్‌లోనే కాదు, కరెంటు మీటరు పక్కన గోడ మీద పెన్నుతో రాసి పెట్టుకోండి. బ్యాటరీ అయిపోయిన ఫోన్‌లో నంబర్లు చూసుకోలేరు.